ఒకే కేబుల్

"అమ్మా, మీ కంప్యూటర్ వెనకాల నెట్టు వైరుంటుంది. ముందు అది పీకెయ్యండి."

ఫోన్లో మగ గొంతు. ఎప్పుడూ విన్నది కాదు.

"ఎవరండీ మీరు?" అంది హెలెన్.

"తర్వాత చెప్తానండీ. మీ ఫోల్డర్లన్నీ బయటికి కనబడుతున్నాయి. ఆ లిస్టు కూడా."

హెలెన్ కంప్యూటర్ వైపు తిరిగింది.

ఆ లిస్టులో రెండొందల పన్నెండు పేర్లున్నాయి. అందరూ హెచ్‌ఐవి సోకినవాళ్లు. ఓ సేవాసంస్థ పంపే కాగితాలు చూసి ఇంట్లో టైపు చేసిపెట్టడం ఆమె పని. కట్టుకున్నవాడికి కూడా చూపించనని బైబిల్ మీద చెయ్యేసి ప్రమాణం చేసింది. రెండువేల నాలుగులో ఆ జబ్బు సంగతి పొక్కిందంటే అద్దె ఇల్లు ఖాళీ చేయించేవారు. మంచినీళ్ల పంపు దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు.

వైరు లాగేసింది.

"మా నంబరు మీకెలా తెలిసింది?"

"మీ ఉత్తరంలో ఉందండీ, అదే కంప్యూటర్లో. మీదీ మాదీ ఒకే కేబుల్ నెట్టు. మా దగ్గర నెట్టు చూసుకోడానికొచ్చినవాడొకడు మీ లిస్టు కాపీ చేసుకుంటుంటే ఆపి, ఆ కాపీ చెరిపేశాను. మళ్లీ వైరు పెట్టేముందు షేరింగ్ తీసేయించండి. పాస్‌వర్డ్ పెట్టుకోండి. బయటివాళ్లు దూరకుండా ఫైర్‌వాల్ కూడా వేయించండి."

"మీ పేరు?"



"పేరెందుకులెండి. జాగ్రత్తమ్మా."

ఫోన్ పెట్టేశాడు.

హెలెన్ తలుపు గడియ వేసింది. కిటికీలు మూసింది. అయినా ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది.

పేరు చెప్పనివాడు మంచివాడెలా అవుతాడు? రేపు ఆ పేర్లన్నీ గోడలకు అంటిస్తానంటే?

ఫోన్లో పడ్డ అతని నంబరు పట్టుకుని మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది.

"నా కంప్యూటర్లోకి దొంగ దూరాడండీ," అంది. లిస్టు సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రానికే పట్టుకున్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్ నడిపేవాడట.

రెండ్రోజుల తర్వాత తమ్ముడు జాన్‌బాబు వచ్చి కంప్యూటర్ చూశాడు. అతనిది అదే రిపేర్ల పని.

"అక్కా, తలుపులు బార్లా తీసిపెట్టి పడుకున్నావే! ఆయన చెప్పిందంతా నిజం. దొంగైతే నీకు ఫోనెందుకు చేస్తాడు?"

హెలెన్ స్టేషన్‌కి పరుగెత్తింది.

"పొద్దునే వదిలేశామమ్మా," అన్నాడు ఎస్సై. "ఆవిడ కంప్యూటర్‌తో నీకేం పనిరా అని నాలుగు తగిలించినా నోరు విప్పలేదు. ఎల్లారావు వాడి పేరు. ఊరు కంకిపాడు."

నెట్ సెంటర్‌కి తాళం వేసి ఉంది.

"దొంగ వెధవని ఖాళీ చేయించామండీ," అన్నాడు పక్క షాపతను. "పెళ్లాన్ని తీసుకుని ఎటో పోయాడు."

ఎల్లారావు. కంకిపాడు.

ఆ రెండు మాటలూ తన వేళ్లు ఎప్పుడో టైపు చేసినట్టే అనిపించింది హెలెన్‌కి.

ఇంటికొచ్చి, ఇన్నాళ్లూ అక్షరాలుగా తప్ప మనుషులుగా చూడని ఆ పేర్లను ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చింది.

నూట నలభయ్యో వరుసలో ఎల్లారావు, కంకిపాడు. దాని కిందే అతని భార్య నాగలక్ష్మి.