దొరగారి గోతిక్

"ఓసే కౌశల్యా, రేపట్నించి నీ కొడుకు చెరుకు కొట్టక్కర్లేదు. కొత్త కామ్. మన తోట నడిపే కొలంబర్ దొర కన్నయ్యను చూపించి 'గోతిక్' అన్నాడు."

కూలీల మీది సర్దార్ సుబ్బయ్య నవ్వాడు. కౌశల్య చేతిలో రొట్టె పొయ్యిలో పడింది.

గోతికి!

అనుకుంటూనే ఉంది. టాబియా చెరుకు తోటలో, దొర బంగళా వెనక, నెలరోజులుగా ఏదో లేస్తోంది. మొనదేలిన తలుపు. మొనదేలిన కిటికీ. ఆకాశాన్ని పొడిచే కప్పు. కిటికీకి రంగుల అద్దాలు సిడ్నీ నుంచి స్టీమరెక్కి వచ్చాయి. కూలీలు ఉండే లైను కప్పు చిల్లులకు రేకు ముక్క మాత్రం ఏ స్టీమరూ ఎక్కలేదు.

"లండన్లో ఈ మొనల కట్టడాలేనంట అమ్మా, బొంబాయిలో ఇవేనంట! ప్రపంచమంతా ఇదే మోజంట!" ఇటుకలు మోసి వచ్చిన కన్నయ్య మొదట్లో ఊగిపోయేవాడు.

కౌశల్య మాత్రం గొయ్యినే చూసింది. గోడలకంటే ముందు దాన్నే తవ్వారు, సరిగ్గా నడిమధ్యన, మనిషి నిలువునా మునిగేంత. పెద్ద కట్టడం నిలవాలంటే బలి అడుగుతుందని పుట్టింటి ఊళ్లో వంతెన కట్టినప్పుడు విన్నది. సముద్రం దాటినంత మాత్రాన కట్టడాలకు ఆకలి తగ్గుతుందా?

"సర్దారూ, లోపల ఎంతమంది పడతారు?"

"ఒక్కరే."

"గడియ?"

"లోపల్నుంచి."

"మరి ఆ సున్నం బస్తాలు?"

"గోతిలో చల్లడానికి. వాసన రాకూడదు కదా."

కౌశల్య సర్దారు చెయ్యి పట్టుకుంది. "ఇంతమంది ఉండగా నా బిడ్డే దొరికాడా?"

"దొరకు నోరు విప్పనివాడు కావాల. బస్, ఏడవకు. గిర్మిట్టు కూలి కాగితం మీద వేలిముద్ర వేశాక ఏ పని చెబితే అది చెయ్యాల."

సాయంత్రం కన్నయ్య అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నిజమేనా నాయనా?"

"నిజమే. ఎంత మొత్తుకున్నా వినలేదు. లైన్లో ఎవరికీ చెప్పకమ్మా."

ఎంత మంచి పిల్లాడు! చావబోతూ కూడా తల్లి పరువే చూస్తున్నాడు.

తెల్లారేసరికి కౌశల్య ఆ మొనదేలిన తలుపు ముందు అడ్డంగా పడుకుంది. బంగళా మెట్లు దిగి దొర వచ్చాడు. చంకలో న్యూస్‌పేపరు. ముఖమంతా చెమట. నడక కాదు, పరుగే. ముహూర్తం దాటిపోతున్నట్టుంది.

"దొరా! నా కొడుకును వదిలెయ్యి! వాడి బదులు నేను పోతా గోతికి!" ఆమె బూట్లు పట్టుకుంది.

దొర కాళ్లు విదిలించుకుని, ఆమె మీదుగా ఒక్క గంతు వేసి, బెల్టు విప్పుకుంటూ లోపలికి దూరి గడియ పెట్టుకున్నాడు, గోడ వెనక కన్నయ్య సున్నం బకెట్టు అందుకుని ముక్కుకు తువ్వాలు బిగించాడు.