ఊర్మిలక్క ఇంటికి దారి

“గీడనే ఆపు తమ్మీ,” అన్నాడతను.

కోరుట్లలో బయల్దేరిన ఆటో కాలువ వంతెన మీద ఆగింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. “ఊరింక రెండు కిలోమీటర్లుంటదన్నా. ఇంటి ముంగట్నే దించుత.”

“వద్దు. కట్టెంబడి నడుస్త.”

“గా దారిల ఇప్పుడెవలు నడుస్తుండ్రు? అందరం రోడ్డుకెల్లే పోతున్నం.”

అతను నవ్వాడు. గల్ఫ్ ఎండకు కమిలిపోయిన ముఖంలో ఆ నవ్వు కాస్త బెరుగ్గా ఉంది. బ్యాగు భుజానికి తగిలించుకుని కాలువ కట్ట మీదికి దిగాడు.

కార్తీకం చివరి రోజులు. నాలుగు కాకముందే ఎండ మెత్తబడింది. వరి కోసిన మళ్లలోంచి గడ్డి వాసన వస్తోంది. కాలువలో నీళ్లు సగానికి తగ్గి, ఎక్కడా తొందర లేనట్టు పోతున్నాయి. గల్ఫ్ కూలీల క్యాంపులో పని దిగి వచ్చి మంచం మీద వాలాక, కళ్లు మూసుకుని ఈ దారిన ఎన్నిసార్లు నడిచాడో లెక్క లేదు. ముందు వంతెన. తర్వాత తూము. తూము దాటాక ఎడమ పక్కన వరసగా ఏడు తాటిచెట్లు. ఆ తర్వాత ఊరు.

తూము కనిపించగానే అతని కాళ్లు ఆగిపోయాయి. చిన్నదే. ఇంకా పెద్దది అనుకున్నాడు.

దాని మీద నుంచే ఒక వానాకాలం రెండో తరగతి పిల్లవాడు పలకతో సహా నీళ్లలో పడ్డాడు. పద్నాలుగేళ్ల అక్క వెనకాముందు చూడకుండా దూకి, జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది. ముందు రెండు దెబ్బలు వేసింది. ఆ తర్వాత ఓణీ కొంగుతో వాడి తల తుడుస్తూ వాడికంటే ఎక్కువ ఏడ్చింది. తల్లి పోయి అప్పటికే నాలుగేళ్లు. అతను వంగి తూము రాయిని అరచేత్తో తడిమాడు. ఎండకు ఇంకా వెచ్చగానే ఉంది.

వెనక నుంచి మేకలను తోలుకుంటూ ఒక ముసలామె వచ్చింది.

“ఎవలు కొడుకా? కండ్లకు పొరలొచ్చినయ్, మనుషులు ఆనుతలేరు.”

“ఊర్మిలక్క ఇంటికి పోతున్ననవ్వా.”

“మా పక్కిల్లే. నడువు, నేను గూడ ఇంటికే.”

అతని ముఖం విచ్చుకుంది. “కొమురవ్వవా? మీ ఇంటెనుక సీతాఫలం చెట్టుండాలె గదా. కాయ తెంపితె కట్టె పట్టుకొని ఉరికిస్తువు.”

కొమురమ్మ ఆగింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అతని ముఖంలోకి తేరిపార చూసింది. “ఓరి, నువ్వు ఊర్మిల తమ్మునివి. రాజలింగానివి. దుబాయి పోయినోనివి.”

అతను బ్యాగు ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

“అక్క మాట్లాడుతదంటవా అవ్వా?” అన్నాడు.

“ఎందుకు మాట్లాడుతది? పోవద్దురా అని కాళ్లు పట్టుకున్నంత పని చేసె. నువ్వు నా తల్లివా నాకు చెప్పనీకి అంటివి. వాకిట్ల, అందరి ముంగట. నేను గూడ ఇన్న గా మాట.” పక్కకు పోతున్న మేకను అదిలించింది. “పదకొండేండ్లాయె. నీ ఫోనొస్తె మోగినంతసేపు సూస్తది, ఎత్తది. మోగుడు బందైనంక కొంగుతోని తుడిసి గూట్ల పెడుతది.”

ఫోను తుడిచి పెట్టే సంగతి అతనికి తెలియదు. నడుస్తూ ఎడమ పక్కకు చూశాడు.

“గీడ తాటిచెట్లుండాలె గదవ్వా? ఏడు.”

“కొట్టేసి నాలుగేండ్లాయె.”

చెట్లు ఉండాల్సిన చోట పత్తి చేను తెల్లగా విచ్చుకుని ఉంది. తన సొంత సొమ్మేదో ఎవరో ఎత్తుకుపోయినట్టనిపించింది అతనికి. కట్ట దిగాక దారి రెండుగా చీలింది. అతను నిలబడిపోయాడు. ఒక్కటే ఉండాలి.

“మర్సిపోయినవా?” కొమురమ్మ నవ్వింది. “కుడికి రా.”

ఊర్మిల ఇంటి ముందు కొమురమ్మ మేకలతో తన వాకిట్లోకి మళ్లింది. “పో. తిడితె పడు. పడాలె గూడ.”

ఊర్మిల అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వంచిన తల మీద పాపిట పొడవునా నెరిసింది. తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు తప్ప ఇంట్లో ఏ అలికిడీ లేదు. అతను వాకిట్లో నిలబడ్డాడు. దారి పొడవునా వల్లె వేసుకున్న మాటలు ఒక్కసారిగా అనేశాడు.

“అక్కా, గా మాట అనొద్దుండె. నాకు అమ్మ ముఖం యాదికి లేదు. యాదికున్నదంత నీ ముఖమే.”

కత్తెర ఆగింది. ఆమె తల ఎత్తలేదు. వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ విప్పుకుపోయి పొగాకు ఒళ్లో రాలింది. పెదవులు బిగబట్టి ఆ పొగాకును ఒక్కొక్క రేణువే ఏరి చాటలో వేసింది. అంతా ఏరడం అయ్యాక, తల వంచుకునే, “తిన్నవా?” అంది.

అతను అరుగు వైపు ఒక అడుగు వేశాడు.

ఆమె చాట పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. అతని ముఖం చూసింది. అతని వెనక వాకిలి వైపు, వీధి వైపు చూసింది. మళ్లీ అతన్ని చూసింది.

“నువ్వెవలు? మా తమ్ముడేడి?”

“రాజలింగానికి సెలవు దొరకలే అక్కా, నేను క్యాంపుల ఆయన పక్క మంచపోన్ని. గా మాట నీకు చెప్పుమని తోలిండు.”