సబ్బు తిన్న బెర్తా

దగ్గరికి జరగండర్రా, పొగ కళ్ళల్లోకి పోకుండా ఇటు కూర్చుని వినండి.

తెల్లవాళ్ళ బడి పడవ దిగిన పిల్లని చూడగానే ఉలిగాక్ ముసలమ్మ ఎండుచేపని సీలు కొవ్వు నూనెలో ముంచి చేతికిచ్చింది. "తిను అమ్మా. నీకిష్టమని తోకవైపు ముక్క దాచిపెట్టాను."

"నేను మీ అమ్మని కాదు. నా పేరు బెర్తా," అంది పిల్ల.

పెద్ద రోగం ఊరిని ఊడ్చేసిన ఏడాది ముసలమ్మ తల్లి నస్గవుక్ పోయింది. ఆ వెంటనే పుట్టిన ఈ పిల్లకి ఆ పేరే పెట్టారు. మనలో పేరుతో పాటు మనిషీ వస్తుంది కదా, పిల్ల పాలు తాగేనాటి నుంచీ ముసలమ్మకి అది అమ్మే.

ముసలమ్మ ఒడ్డునే కూలబడింది. "రోగం ఓసారి తీసుకుపోయింది. ఇప్పుడు మిషను బడి తీసుకుపోయింది. మళ్ళీ ఏడ్చే ఓపిక నాకు లేదు."

బడివాళ్ళ పడవ మలుపు తిరిగేదాకా పిల్ల కదల్లేదు. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కడ మన మాట మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కుతారు. నేను నస్గవుక్ అని చెప్పుకుంటే, ఆ సబ్బు మీ అమ్మ నోట్లో పెట్టినట్టే కదా?"

ముసలమ్మ తల తిప్పి పిల్ల పెదాల వంక చూసింది.

"అందుకే వాళ్ళ ముందు, వాళ్ళు పెట్టిన పేరే చెప్పి బెర్తానన్నాను. సబ్బంతా బెర్తాయే తింది. మీ అమ్మకి అంటనివ్వలేదు." చేప కొరికి మూతి ముడిచింది. "ఇంత చిన్న ముక్కా అమ్మకి దాచేది, పిసినారి కూతురా!"

మీ పిల్లలకీ చెప్పండి ఈ కథ. చెప్పేటప్పుడు నస్గవుక్ అని గట్టిగా అనండి. ఇప్పుడు సబ్బు పెట్టేవాళ్ళు లేరు.