ఎర్రదారం లేని ఏడాది

"జబ్బు రాకముందే మందు కావాలంటే ఎట్లా అవ్వా? బిడ్డకు ఇప్పుడేమైందని?" నర్సు సలోమమ్మ మంత్రసాని తిమ్మక్క మీద విసుక్కుంది.

"ఇప్పుడేం కాలేదమ్మా. మొన్న తెల్లారి పుట్టినాడు. నా కూతురికి పెండ్లయిన తొమ్మిదేండ్లకు ఒక్కడు! ఎనిమిదో దినం వస్తాది ఆ పాడు జబ్బు. దవడలు బిగుసుకుంటాయి, పాలు తాగడు, విల్లు మాదిరి వంగిపోతాడు. ఒంట్లోకి దిగినాక ఏ మందూ పనిచెయ్యదని పోయిన తూరి నువ్వే అంటివి గదా!"

సలోమమ్మ ఆ మాట అన్నది నిజమే.

తిమ్మక్క ఒడిలోంచి ఒక పురితాడు తీసి బల్లమీద పరిచింది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ లెక్కంటే లెక్కే. పోసిన ప్రతి పురిటికీ ఒక ముడి. ఎనిమిదో రోజున పోయిన బిడ్డ ముడికి ఎర్రదారం. తాడు పొడుగునా ఎరుపే.

"ఇంకా ఎంతమందిని పూడ్చాలమ్మా నేను? చూడు నువ్వే."

సలోమమ్మ ఒక్కో ముడీ వేలితో తడుముతూ పోయి నడిమధ్య ఆగింది. వరసగా పదకొండు ముళ్ళు. ఒక్కదానికీ ఎర్రదారం లేదు.

"ఇదేందవ్వా? కట్టేది మరిచిపోయినావా?"

"నేనా మరిచేది! సర్కారోళ్ళు గంజి పోసిన కరువు ఏడాది అది. తల్లులకే కూడు లేదు. అయినా ఒక్క బిడ్డ పోలేదు. ఏం ఇచ్చిత్రమో!"

"ఆ ఏడాది బొడ్డు కోసేది ఏమన్నా మార్చినావా?"

"అదే కత్తి. నిప్పుల్లో కాల్చే కోస్తా."

"కోసినాక?"

"ఆవుపేడ అద్దుతా, సల్లగా ఆరిపోతాదని. ఆ ఏడాది అదీ లేకపాయె. మేత లేక గొడ్లన్నీ సంతకు తోలేసినారు, పేడ యాడిది? ఉత్త గుడ్డ చుట్టి వదిలేసినా."

సలోమమ్మ చివాలున లేచింది. "పేడే అవ్వా! ఆ జబ్బు ఉండేది పేడలోనే!"

తిమ్మక్కకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తాడును ముట్టుకోవడానికి కూడా భయపడింది. "నా చేతులు పడిపోను! నేనేనా తల్లీ, ఇంతమందినీ..."

"తెలీక చేసినావు, ఏడవొద్దు." సలోమమ్మకు ఉన్నట్టుండి ప్రాణం లేచొచ్చింది. "అవునూ, ఈ ఏడూ కరువే గదా? మీ ఊర్లో గొడ్లుండాయా?"

"ఒక్కటీ లేదు. నెల కిందటే తోలేసినారు."

"ఇంకేం మరి! పేడే లేదు. నీ మనవడికి భయం లేదు, పో!" అని నవ్వేసింది.

తిమ్మక్క నవ్వలేదు.

"ఊర్లో లేదనే గదమ్మా... ఒక్కగానొక్కడని, మూడు ఊర్లు దాటి విడపనకల్లు దాకా నడిచిపోయి, ఆకులో కట్టుకోని తెచ్చి అద్దినా."