బోర్డు లేని స్టాపు

"మళ్ళీ అక్కడే ఆపేశారు తాతగారూ. అక్కడ స్టాపు లేదు," అంది థెరపీ అమ్మాయి.

కళ్ళకు నల్లటి హెడ్‌సెట్ తగిలించుకుని, బల్లకు బిగించిన స్టీరింగు ముందు కూర్చున్న ముసలి డ్రైవరు ఆ మాట వినిపించుకోలేదు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, తలుపు వైపు తల తిప్పి, ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగి, అప్పుడు గేరు వేశాడు.

పక్షవాతం దెబ్బతీసిన బుర్రకు ఇదొక కసరత్తు. ఆయన బతుకంతా బస్సు తోలిన రూటునే పాత ఫోటోలు చూసి కంప్యూటర్లో కట్టి, ఆ హెడ్‌సెట్లో చూపిస్తారు. బోర్డు ఉన్నచోట ఆపాలి, లేనిచోట ఆపకూడదు. బుర్ర మరిచినా కాళ్ళూ చేతులూ మరవలేదు. మలుపు రాకముందే స్టీరింగు తిరుగుతుంది, గుంత కనపడకముందే బ్రేకు పడుతుంది. ఒక్కచోటే తంటా. బట్టలు కుట్టే కార్ఖానా వెనక గేటు దగ్గరకు వచ్చేసరికి, బోర్డూ లేదు గీర్డూ లేదు, బస్సు ఆగిపోతుంది. కంప్యూటరు మార్కులు కోసేస్తుంది.

ఇవాళ్టి ఆఖరి ట్రిప్పు కూడా ఇంతే అయితే ఇక చాలిద్దామన్నారు పెద్ద డాక్టరుగారు, అని ఆ అమ్మాయి గోడవార కుర్చీలో ఉన్న డ్రైవరు భార్యకు నెమ్మదిగా చెప్పింది. తప్పేదో తెలుసుకోలేని మనిషికి ఎన్నాళ్ళు చేయించినా లాభం ఉండదట.

ఆవిడ బాధ మార్కులది కాదు. జబ్బు పడి లేచిన దగ్గర్నుంచీ ఆయన ఆవిడను "మీరు" అంటున్నాడు. చెంచాతో తినిపిస్తే దండం పెడుతున్నాడు. మొన్న సాయంత్రమైతే, చీకటి పడుతోంది, మీ ఇల్లు దారిలోదే అయితే దింపేస్తానని మర్యాదగా అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలీక ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి రెండూ చేసి వచ్చింది.

"అది తప్పు కాదు తల్లీ," అంది ఆవిడ. "అది నేను."

థెరపీ అమ్మాయికి అర్థం కాలేదు. ఆవిడే విడమరిచి చెప్పింది. ఆ కార్ఖానాలో తను కాజాలు కుట్టేది. పని దిగి వెనక గేటులోంచి వచ్చేసరికి కాళ్ళు పీకేవి, అసలు స్టాపు చూస్తే ఎక్కడో చివర. ఈయన రోజూ సరిగ్గా ఆ గేటు దగ్గరే గేరు పట్టేసిందని బస్సు ఆపేవాడు. తను ఎక్కగానే ఆ గేరు దానంతటదే వదిలేసేది. మీరిద్దరూ తొందరగా ఒకింటివాళ్ళు కండి, లేకపోతే ఈ బండిని షెడ్డుకు పంపేస్తారని కండక్టరు మొత్తుకునేవాడట.

"పెళ్ళయ్యాకగానీ ఆ గేరు జబ్బు కుదరలేదు," అంది ఆవిడ.

మొహం మరిచిపోతే పోయాడు, తను నిలబడిన చోటు మరవలేదు. చోటు దొరికాక మనిషి దొరక్కపోతుందా అన్నది ఆవిడ ఆశ. కంప్యూటర్లో ఆ గేటు దగ్గర అప్పటి వయసులో తనను నిలబెట్టమని పట్టుబట్టింది. మార్కుల లెక్క మార్చడం తన చేతిలో లేదని, అక్కడ ఆపితే ఈసారీ తప్పే పడుతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. పడితే పడనీ అంది ఆవిడ.

కంప్యూటర్లో ఉన్న ఆడబొమ్మల్లోంచి ఒకదాన్ని తీశారు. ఇక బేరం మొదలైంది. గొడుగు ఆకుపచ్చది కావాలి. జడ నడుం దాటాలి. ఆ నడుం కూడా ఇంకాస్త తగ్గాలి.

"నిజంగా ఇంత సన్నగా ఉండేవారా అమ్మా?"

"నీకెందుకు. చూసినవాడు చెప్తాడులే."

బస్సు బయల్దేరింది. ఆయన చూసేదంతా గోడ మీది తెరలో వీళ్ళకూ కనపడుతోంది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు వచ్చింది. ఎప్పుడో కూలగొట్టిన సినిమా హాలు మళ్ళీ లేచి నిలబడింది. తెర మీద లేనివి కూడా ఆవిడకు కనిపించాయి. వానలో తడిసి ఎక్కితే కాళ్ళ కింద చేరిన నీటి మడుగు. వేళ్ళకు అంటుకుని ఇంటిదాకా వచ్చే దారపు నూగు. డ్రైవరు తలకు పైనున్న అద్దంలో, రోడ్డును వదిలేసి తన్ను చూసే రెండు కళ్ళు.

కార్ఖానా గోడ వచ్చింది. తర్వాత గేటు, గొడుగు కింద అమ్మాయి.

బస్సు నెమ్మదించింది. ఆవిడ తనకు తెలీకుండానే లేచి, ఎక్కబోయేదానిలా చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. డ్రైవరు తల తిప్పి ఆ బొమ్మను చూశాడు. కిందికీ మీదికీ చూశాడు. తర్వాత గేరు మార్చి, ఆపకుండా పోనిచ్చాడు.

చివరి స్టాపులో కంప్యూటరు గంట కొట్టింది. ఒక్క తప్పు లేదు. థెరపీ అమ్మాయి సంబరంగా డాక్టరుకు ఫోను చెయ్యబోయి, ఆవిడ వాలకం చూసి ఆగిపోయింది. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"పాసయ్యాడులే తల్లీ," అంది. "నన్నొక్కదాన్ని దింపేసి పాసయ్యాడు."

ఆ అమ్మాయి ముసలాయన దగ్గరికి వెళ్ళింది. హెడ్‌సెట్ విప్పుతూ, రోజూ ఆపే చోట ఈసారి ఎందుకు ఆపలేదని అడిగింది. ఆయన కళ్ళు నులుముకుని గదంతా కలయజూశాడు. గోడ దగ్గరున్న వీపు మీద చూపు నిలిచింది.

"నువ్వు నిలబడే చోట ఎవత్తో నిలబడిందే," అన్నాడు ఆ వీపుతో. "ఎక్కించుకుంటే ఇంటికెళ్ళాక నన్ను బతకనిస్తావా?"