వినేదానికొచ్చిన మనిషి

గఫూర్ అయ్యవారు చదివేది ఆపి, చేతిలో కాగితాలు బోర్లించినాడు.

"మళ్లీ వచ్చినాడప్పా ఆ మనిషి," అన్నాడు గొంతు తగ్గించి.

వెంకటేశులు ఓరకంట చూసినాడు. పక్క బెంచీ మీద, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక బక్కమనిషి. టీ చల్లారిపోయినా తాగలేదు. చూపంతా వీళ్ల మీదనే.

కదిరి బస్టాండు ఎదురుగా ఉండే రంజాన్ టీ హోటలే ఈ ఇద్దరు నవలాకారులకూ సభ. ఎవరు ఏ అధ్యాయం రాసినా శనివారం సాయంత్రం ఆడ గట్టిగా చదవాల్సిందే, పోట్లాడుకోవాల్సిందే. అచ్చు మాట ఆ తర్వాతనే. వెంకటేశులువి రాజులు, కోటలు కాబట్టి ఆయనకేం బాధ లేదు. గఫూరుది కరువు నవల. అందులో రోడ్డు పనికొచ్చిన దాదాబీ, కాంట్రాక్టరు నీళ్ల బండి ఆపేస్తే, పార కింద పడేసి కూలోళ్లందరితో రోడ్డుకడ్డంగా కూర్చునింది.

చైనా యుద్ధం అయినాక వచ్చిన ఎండాకాలం అది. ఎర్రజెండా వాసన తగిలితే చాలు, పట్టుకొని లోపలేస్తాండారు. గఫూర్ చూస్తే పంచాయతీ సమితి బడి అయ్యవారు, ఇంటినిండా పిల్లలు.

"సీఐడీనే," అన్నాడు వెంకటేశులు. "నువ్వు చదువుతాంటే వాని పెదాలు కదుల్తాండాయి, చూసినావా? బట్టీ పడతాండాడు. అందుకే చెప్తి నీకు, నవలకు రాజకీయం యాలప్పా అని."

"కరువు రాస్తే రాజకీయమా?"

"నీళ్లు యాల లేవని రాస్తే రాజకీయమే."

గఫూర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంక తట్టుకోలేక లేచి ఆ బెంచీ కాడికి పోయినాడు.

"ఏమప్పా, ఎవురు నువ్వు?"

"కదిరప్ప అంటారన్నా."

"ఈడేం పని నీకు?"

"ఊరికే, ఇనేదానికొస్తినన్నా." ఆ మనిషి బెదురుతా లేచి నిలబడినాడు. "ఆ యమ్మ రోడ్డు మీద కూర్చునింది గదా. లేస్తుందా, లేదా?"

కూపీ లాగుతాండాడు, ఇంకేం అనుమానం లేదనుకున్నాడు గఫూర్.

"లేస్తుంది. పోయి కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుంటుంది. అయిపోయింది కథ. ఇంగ నువ్వు ఈ పక్క రావద్దు."

కదిరప్ప మొహం చిన్నబోయింది.

"అంతేనా అన్నా," అని వెళ్లిపోయినాడు.

గఫూర్ ఇంటికి పోయి ఆ అధ్యాయం చించి పొయ్యిలో వేసినాడు. దాదాబీ కాంట్రాక్టరు కాళ్లు పట్టుకున్నట్టే మళ్లీ రాసినాడు. రాసినాక హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, గుండెలో దడ పోతే గదా. వాకిట్లో చెప్పుల చప్పుడైతే ఉలిక్కిపడతానే ఉన్నాడు.

కొన్ని వారాలకు బడి పని మీద కొత్తచెరువుకు పోతాంటే, దారిలో బస్సు ఇంజను కాగి ఆగిపోయింది. పక్కనే రోడ్డేసే కరువు పని జరుగుతాండాది. డ్రైవరు డబ్బా తీసుకొని ఆడ ఉండే నీళ్ల బండి కాడికి పోయినాడు. దప్పికకు ఆగలేక గఫూరూ వెంట పోయినాడు. నాగలక్ష్మమ్మ అనే ముసలామె ఆయనకు చెంబుతో నీళ్లిచ్చింది.

"పర్వాలేదే, మీకు నీళ్ల బండి వస్తాండాది," అన్నాడు గఫూర్.

"ఊరికే వచ్చిందా నాయనా? దాదాబీ మాదిరి మేమూ రోడ్డుకడ్డంగా కూర్చుంటిమి, అప్పుడొచ్చింది."

గఫూర్ తాగేది ఆపినాడు.

"దాదాబీ ఎవురమ్మా?"

"కథలో ఆమె నాయనా. మా కదిరప్పకు చదువు రాదు గానీ, శనివారం కదిరికి పోయి యాడనో విని వచ్చి, మరుసటి దినం పని కాడ మాకంతా పొల్లుపోకుండా చెప్తాండె. దాదాబీ కడాకు లేయనే లేదంట గదా, బండి వచ్చేదాకా. అది విన్నాక మాకూ లేయబుద్ధి కాలేదు."

గఫూర్ చెంబు కింద పెట్టినాడు.

"ఆ కదిరప్ప యాడ ఉండాడమ్మా?"

"జైల్లో. కథ చెప్పి మమ్మల్ని రెచ్చగొట్టినాడని పట్టుకపోయిరి. ఇట్లాంటి కథ రాసినోడెవుడో చెప్పమని పోలీసోళ్లు ఎంత కొట్టినా, 'రాసినోడెవురూ లేరు సామీ, నేనే కట్టి చెప్పినా' అనే అన్నాడంట నాయనా."