పద్దెనిమిది మీటర్లు

"మీ ఇంటికి రాళ్లు రావక్కా. జాబితాలోంచి పేరు తీసేస్తున్నాను," అన్నాడు నది ఇంజనీరు, నిలబడే పెన్ను మూత తీస్తూ.

దండెం మీద దుప్పటి ఆరేస్తున్న వడ్రంగి భార్య ఉన్నపళంగా ఆగిపోయింది.

"అదేంటి బాబూ! ఇరవై రోజుల్లో వానలు. గట్టుకు రాళ్లు పేర్చకపోతే ఈ ఏడు మా ఇల్లు నదిలోకే."

"ఉన్నవి నాలుగు లారీల రాళ్లు. అడిగేవాళ్లు నలభై మంది. కోత పడుతున్న చోటికే ఇవ్వమన్నారు. మీ దగ్గర కోతే లేదు."

"లేదా? రండి, చూపిస్తాను."

దుప్పటి అక్కడే వదిలేసి అతన్ని గట్టు అంచుకు తీసుకెళ్లింది. నది ఏమీ ఎరగనట్టు మెల్లగా పోతోంది. దాని పనంతా అడుగునే. గట్టు పాదం దగ్గర మట్టిని తొలుస్తూ పోతుంది. పైన అంతా బాగానే ఉందనుకునేలోపు గదంత పెళ్ల విరిగి నీళ్లలో పడుతుంది.

"అప్పట్లో అవతలి ఒడ్డున ఎవరు నడుస్తున్నారో ఇక్కణ్ణుంచే పోల్చుకునేదాన్ని. ఇప్పుడు మనిషో గేదో తెలియట్లేదు. నది ఒళ్లు చేసింది బాబూ!"

ఇంజనీరు నవ్వాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఈ ఊరికి వచ్చి నెలే అయింది. ఏటా ఒక ఇంజనీరు రావడం, కొలవడం, రిజిస్టర్లో రాయడం, బదిలీ అయిపోవడం. ఇతను ఆ రిజిస్టరు తెరిచాడు.

"వినండి. పక్కనే మీ తోడికోడలి ఇటుకల ఇల్లు. నదికి దూరం మొదటి ఏడు పద్దెనిమిది మీటర్లు, తర్వాత పద్నాలుగు, పది, ఇవాళ ఆరు. ఆమెకు ఇస్తున్నాం. మీది పద్దెనిమిది, పద్దెనిమిది, పద్దెనిమిది. పొద్దున మీరు లేనప్పుడు నేను కొలిచినా పద్దెనిమిదే."

"పక్కపక్క ఇళ్లలో ఒకదాన్ని కోసి ఒకదాన్ని వదిలేస్తుందా? దానికి మామీద అంత ప్రేమా?"

"అడుగున రాతిపొర ఉండుంటుంది. ఇంత గట్టి గట్టు నేనెక్కడా చూడలేదక్కా. పైవాళ్లకు ప్రత్యేకంగా రాద్దామనుకుంటున్నాను," అన్నాడు సంబరంగా.

ఆమెకు ఒళ్లు మండింది. చెక్కగోడకు బోల్టులు బిగిస్తున్న మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, నువ్వయినా ఓ మాట చెప్పవేం?"

"సారు కొలత కరెక్టే," అన్నాడు వడ్రంగి తల తిప్పకుండానే. "టేపు రెండో కొస నేనే పట్టుకున్నా. పద్దెనిమిదే."

ఆయనకు కొలత సరిపోతే చాలు, కొంప మునిగినా ఫర్వాలేదు.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ముందు నది, వెనక రోడ్డు గోడ. ఇక ఎక్కడికని పోతాం బాబూ? నీ సొంత అక్క ఇల్లే అనుకో. ఈ ఒక్క ఏడాదికి రాళ్లు వేయించు."

ఇంజనీరుకు జాలేసింది. పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "సరే, మీ తృప్తి కోసం ఇంకోసారి కొలుద్దాం," అంటూ టేపు కొస తీసుకెళ్లి వాళ్ల గడపకు ఆనించాడు.

"అక్కణ్ణుంచా కొలిచేది?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "ఇదివరకు వచ్చినవాళ్లు కూడానా?"

"అందరూ గడప నుంచేనక్కా. నది కదులుతుంది, గట్టు కదులుతుంది. గడప కదలదు కదా!"

ఆమె గడపను చూసింది. మొగుణ్ని చూసింది. నెత్తి కొట్టుకుంది.

"ఏటా వానలు తగ్గాక ఇల్లంతా విప్పి వెనక్కి జరిపి కట్టినప్పుడల్లా, నదికి సరిగ్గా పద్దెనిమిది మీటర్లు ఉండాల్సిందేనని వెంట్రుకవాసి తేడా రానిచ్చావు కాదు కదయ్యా!"